నా చేతిలో ఏడు, ఆయన చేతిలో ఇరవై ఒకటి

ఇప్పటికీ ఎవరి కారులోనైనా ముందు సీట్లో కూర్చోవాల్సి వస్తే నేను స్టీరింగ్ వెనకాల వెలిగే మీటర్ల వైపు చూడను. అక్కడ ఒక మూల చిన్న అంకె ఒకటి ఊరికే మారుతూ ఉంటుంది. లీటరు పెట్రోలుకు బండి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో అప్పటికప్పుడు చెప్పే అంకె. అది కంటపడితే నాకు రోత. అంకె చేసిన పాపం ఏమీ లేదని నాకూ తెలుసు. పిచ్చోడి చేతిలో రాయి ఉంటే రాయిని తిట్టి లాభం లేదు. కానీ మా ఆయన పిచ్చోడు కూడా కాదు. అందుకే ఇన్నేళ్ళయినా ఆ రోత నన్ను వదల్లేదు.

అప్పుడు మేము కొత్తపేటలో, రైతుబజారుకు రెండు సందుల అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఇద్దరివీ పోచంపల్లి వైపు మగ్గాల ఇళ్ళు. రెండు ఇళ్ళలోనూ మగ్గం గుంటలోంచి లేచి నెల జీతానికి పోయిన మొదటి మనుషులం మేమే. ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా. నేను పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ హైవే పక్కన, ఇరవై మంచాల ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ని. నెత్తురు తీయడం, పరీక్షించడం, రిపోర్టు రాయడం నా పని. పరగడుపు షుగర్ పరీక్షకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెల్లారకముందే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. రాత్రి తిన్నదే తిన్నది, చాయ్ కూడా తాగకూడదు. అందుకని నేను ఏడింటికల్లా అక్కడ ఉండాలి, మా పెద్ద టెక్నీషియన్ పదింటికి గానీ రాడు. ఆ పెద్ద టెక్నీషియన్ దసరా తర్వాత మానేస్తున్నాడనీ, ఆ ల్యాబ్ ఇక నాదేననీ మేడం, అంటే ఆ దవాఖాన నడిపే డాక్టరమ్మ, ఎండాకాలం నుంచే అంటోంది. ఆ మాట కోసం నేను ఎనిమిదేళ్ళు ఆమె దగ్గర ఒళ్ళు దాచుకోకుండా పని చేశాను.

కారు కొన్నది తెలంగాణ కొట్లాట బాగా రాజుకున్నాక. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి బస్సుల అద్దాలు పగలడం. రోడ్డు మీదికి పోతే ఎప్పుడు ఇంటికి చేరతామో చెప్పలేని రోజులు. "బస్సులు లేని నాడు నువ్వే నడుపుకుంట పోవచ్చు" అని అన్నది ఆయనే. ఆ మాట పట్టుకుని నేను దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఆయనా చేరాడు. లైసెన్సు పరీక్షకు ఇద్దరం ఒకే రోజు పోయాం. నేను ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి దిగాను, పాస్. ఆయన వెనక్కి తిప్పేటప్పుడు కర్ర పడగొట్టాడు. నెల తర్వాత మళ్ళీ పోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆ కర్రనే తిట్టాడు. నాకు లోపల నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్త బండి మొదటిసారి నా చేతికి ఇచ్చింది ఒక శనివారం సాయంత్రం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా. ఆ దారి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చీరల షాపుల ముందు ఆగిన ఆటోలు, కోచింగ్ సెంటర్లు వదిలిన జనం, రోడ్డుకు అడ్డం నిలబడిన పుచ్చకాయల బండి. ఫస్టు గేరు, బ్రేకు, సెకండు గేరు, బ్రేకు. పక్క సీట్లో ఆయన మెడ చాపి ఆ అంకె చూస్తూ బస్సు కండక్టరు స్టాపులు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు.

"నాలుగు. ఆరు. అయిదు. ఏడు. ఇగో, ఏడు దాటుతలేదు సూడు."

"అది ఏంది?" అని అడిగాను.

"మైలేజీ. నీ చేతుల ఏడిస్తున్నది. లారీ గూడ ఇంతకంటె నయం."

నేను ఇంకాస్త జాగ్రత్తగా నడిపాను. అంకె పెరగలేదు. చైతన్యపురి దగ్గర సిగ్నల్ పడి ఆగితే అది సున్నా అయి కూర్చుంది. "చూసినవా" అన్నాడు, నేనేదో పాలగిన్నె ఒలకబోసినట్టు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నన్ను ఎక్కించుకుని హైవే పట్టాడు. రోడ్డు ఖాళీ. హయత్‌నగర్ దాటి, బండి టాప్ గేరులో మెత్తగా పోతుండగా మీటరు కింద ఉన్న గుబ్బను కాసేపు నొక్కి పట్టాడు. సగటు చూపించే అంకె చెరిగిపోయి కొత్తగా మొదలైంది. పెద్ద అంబర్‌పేట్ చేరేసరికి ఇరవై ఒకటి. "నేనంటలేను. బండే చెప్తున్నది" అన్నాడు. గుబ్బ ఎందుకు నొక్కావని నేను అడగలేదు. బుద్ధి గడ్డి తిన్నది.

అక్కడి నుంచి ఆ రెండు అంకెలు మా ఇంట్లో మనుషులయ్యాయి. చుట్టాలొచ్చినా, ఆయన ఆఫీసు వాళ్ళొచ్చినా, ఉప్మా ప్లేట్లు చేతికి అందుతుండగానే మొదలు. "మా ఇంట్ల రెండు బండ్లున్నయి. ఒకటి ఏడిస్తది, ఒకటి ఇరవై ఒకటిస్తది. రెండూ ఒక్కటే బండి." అందరూ పగలబడి నవ్వేవారు. ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వేవారు, అది నాకు ఇంకా రోత. నేనూ నవ్వేదాన్ని. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

అయినా నేను తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. ఒక నెల పాటు దవాఖానకు బండి నేనే తీసుకుపోయాను, ఆ అంకెను ఎలాగైనా లొంగదీయాలని. చెప్పులు విప్పి నడిపాను, కాలికి పెడలు బాగా తెలుస్తుందని. ఏసీ వేయలేదు. చున్నీతో చెమట తుడుచుకుంటూ నడిపాను. ఒకరోజు పొరపాటున యాక్సిలరేటర్ మీది నుంచి కాలు పూర్తిగా తీస్తే అంకె ఒక్కసారి తొంభై తొమ్మిదికి ఎగిరింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దొరికింది కిటుకు అనుకున్నాను. ఇక అయినచోటా కానిచోటా కాలు తీయడమే. తొంభై తొమ్మిది, మళ్ళీ నాలుగు, మళ్ళీ తొంభై తొమ్మిది. చివరికి కొత్తపేట చౌరస్తాలో, పై గేరులో కాలు తీసేసి ఆ అంకె చూసి మురుస్తుంటే బండి గిలగిలా కొట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక నుంచి బస్సు డ్రైవరు తల బయట పెట్టి, "అక్కా, రోడ్డు సూడు, ఆడ ఏమున్నది?" అన్నాడు. బండి మళ్ళీ స్టార్టయ్యేలోపు ఆ చౌరస్తా అంతా నా మీద హారన్ కొట్టింది. ఆ సాయంత్రం తాళం తెచ్చి టీవీ పక్కన కొక్కేనికి తగిలించాను. ఆయన కొక్కెం వైపు చూసి అన్నం కలుపుకున్నాడు.

నేను చదువురాని దాన్ని కాదు, అదీ నా ఏడుపు. రోజూ ఆ దవాఖానలో నేను చేసే పనే అది. లడ్డూ తిని అరగంటకు షుగర్ చూపించుకుని మూడు వందలుందని గుండెలు బాదుకునే వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. అది ఆ నిమిషం షుగర్, నీ షుగర్ కాదు. పరగడుపున రా, చూద్దాం. ఇంకా అనుమానమైతే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంది, అది చేయించుకో, అది అబద్ధమాడదు. ఒక్క అంకె పట్టుకుని మనిషిని రోగి అనకూడదని మూడో క్లాసు పాఠంలా అందరికీ చెప్పిన నోటితోనే, నా విషయం వచ్చేసరికి ఒక్క అంకె చూసి నా కాళ్ళకు చేతులకు పని రాదని ఒప్పేసుకున్నాను. అంకె చెప్పింది మిషను కదా అని. చెప్పించింది మొగుడు కదా అని కూడా ఉండొచ్చు.

ఆ ఏడాది సమ్మె వచ్చింది. ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేశారు. మా ఆయన పొద్దున తొమ్మిదింటికి తెల్లచొక్కా వేసుకుని పోయి ఆ టెంట్లో కూర్చునేవాడు. నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, ఆ బతుకమ్మ పండక్కి రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక సాయంత్రం ఆయన మైకు పట్టుకుని మాట్లాడుతుంటే ఆడవాళ్ళ వరసలో కూర్చుని విన్నాను. "అంకెలు చూపెట్టి మనల్ని తక్కువ జేసిన్రు. మీ చేతుల పెడితే నడపరాదన్నరు. మా బండి మేం నడుపుకుంటం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ చేతులు ఎర్రబడేలా కొట్టాను.

బస్సులు లేక నా పొద్దు నరకమైంది. అయిదున్నరకు ఇల్లు వదిలి ఎల్బీనగర్ దాకా నడక. అక్కడ షేర్ ఆటో. ముందు సీట్లో డ్రైవరుకు అటూ ఇటూ నలుగురు, వెనక ఏడుగురు. ఒకడి చంక నా ముక్కు దగ్గర, తన మోచేయి ఎక్కడ తగులుతోందో తెలిసీ తెలియనట్టు ఇంకొకడు. హయత్‌నగర్‌లో దింపేస్తే మళ్ళీ ఇంకో బండి కోసం చేయి ఊపడం. కూరగాయలు దించి ఖాళీగా పోయే ట్రాలీ వెనక ఎక్కి నిలబడి పోయిన రోజులున్నాయి. ఎంత ముందు బయల్దేరినా ఎనిమిదిన్నర, తొమ్మిది. అప్పటికి బెంచీల మీద పరగడుపున కూర్చున్నవాళ్ళు నన్ను చూసే చూపు చూడాలి. వాళ్ళ తప్పేముంది. ఒకరోజు బాటసింగారం నుంచి వచ్చిన ముసలమ్మ, షుగర్ మనిషి, నా కోసం ఎదురుచూసి చూసి కళ్ళు తిరిగి బెంచీ మీది నుంచి జారిపడింది. నేను లోపలికి అడుగు పెట్టేసరికి మేడం ఆమె నోట్లో గ్లూకోజ్ నీళ్ళు పోస్తోంది.

మేడం నన్ను లోపలికి పిలిచింది. కేకలేయలేదు. "చూడు తల్లీ, నాకు నువ్వే కావాలె. కానీ ఆకలితోటి కూసున్నోళ్ళు సమ్మె అంటే ఇంటరా? మూడు రోజులు చూస్త. ఏడింటికి రాగలిగితే ల్యాబ్ నీది. లేకపోతే ఇక్కడే ఉండే పిల్ల ఒకామె అడుగుతున్నది, ఆమెకు ఇచ్చేస్త" అంది.

ఆ సాయంత్రం నేను తాళం అడిగాను. మా ఆయన టీవీలో వార్తలు చూస్తున్నాడు.

"మూడు రోజులు బండియ్యి. ల్యాబ్ పోయేటట్టున్నది."

"బంకులల్ల పెట్రోలు దొరుకుతలేదు, ఎరుకేనా? ఉన్నది ఒక్క ట్యాంకు. నీ చేతుల పెడితే మూడు రోజులల్ల తాగేస్తది."

"అయితే నువ్వు దింపు."

"సమ్మెల ఉన్నోన్ని. కారేసుకోని తిరిగితే టెంట్లోళ్ళు ఏమంటరు?"

"నేను మెల్లగ నడుపుతా. చూసుకుంట పోతా."

"చూసుకుంట పోయే చౌరస్తల ఆపినవ్. నీకు రాదు, ఒప్పుకోవెందుకు? బస్సు లేదంటవ్, ఆటో లేదంటవ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

నిజంగానే నాకు రాదు కదా అనుకున్నాను. మా సెల్లార్లో ఆ బండి గుడ్డ కప్పుకుని దర్జాగా పడుకుని ఉంది. రోజూ సాయంత్రం ఆయన కిందికి పోయి, గుడ్డ తీసి, బ్యాటరీ దిగిపోకుండా పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి, ఏసీ వేసుకుని పాటలు వింటూ కూర్చుని మళ్ళీ గుడ్డ కప్పి వచ్చేవాడు. బండి అంగుళం కదలకుండా పెట్రోలు తాగుతుంటే ఆ మీటరు మీద ఉండేది సున్నా. నా ఏడు దానికంటే ఏడు ఎక్కువ. ఈ లెక్క నాకు ఆ రోజు తట్టలేదు.

మొదటి రోజు ఎనిమిదీ పది. రెండో రోజు నాలుగున్నరకే బయల్దేరాను, చీకట్లో వీధి కుక్కలు వెంటపడ్డాయి, ఏడుంబావుకు చేరాను. మేడం గడియారం చూసి లోపలికి పోయింది. మూడో రోజు ఎల్బీనగర్ దగ్గర రోడ్డే మూసేశారు. వంటావార్పు, అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరూ వండుకు తినడం. పొద్దుటి నుంచే ఇటుకలు పేర్చి గుండిగలు తెస్తున్నారు. ఆటోలు రావు. నడిచాను. వనస్థలిపురం దాటాక ఒక పాల బండి ఎక్కించుకుంది. తొమ్మిదిన్నరకు పోయేసరికి నా కుర్చీలో ఆ పిల్ల కూర్చుని నెత్తురు తీస్తోంది. ఆమె తప్పూ లేదు. చేయి మంచిది, సూది దిగినట్టే తెలియకుండా తీస్తోంది. మేడం నా జీతం కవరు, ఒక సర్టిఫికెట్ చేతికిచ్చి, "ఏమనుకోకు తల్లీ" అంది. నేను ఏమీ అనుకోలేదు. నా కాళ్ళను తిట్టుకుంటూ వచ్చాను.

తిరిగి ఎల్బీనగర్ చేరేసరికి ఒంటిగంటన్నర. చౌరస్తా నిండా భోజనాల బంతులు. మా ఆయన చొక్కా చేతులు మడిచి పులిహోర వడ్డిస్తున్నాడు. నన్ను చూసి, ఇంత పగటిపూట ఇక్కడెందుకున్నావని కూడా అడగలేదు. ఒక విస్తరి నా చేతిలో పెట్టి, పక్కనున్న వాళ్ళతో, "మా ఆమె. నేను చెప్పలే, లీటరుకు ఏడు" అన్నాడు. గరిటె పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు. నేను రోడ్డు మీద కూర్చుని ఆ పులిహోర తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. ఉద్యోగం పోయి ఒక పూట కాలేదు, పోగొట్టిన చేతి తిండి తిని, ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందని చెప్పాను.

పోయిందని ఇంట్లో చెప్పలేకపోయాను. చెబితే, నీకు నడపడం వచ్చి ఉంటే పోయేదా అంటాడు. ఆ మాట నేనే నాతో అప్పటికి వందసార్లు అనుకున్నాను, ఆయన నోట వినే ఓపిక లేదు. మర్నాడు మామూలుగానే చీకటితోనే లేచి, డబ్బాలో అన్నం పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని బయటపడ్డాను. రైతుబజారు దాకా పోయి, ఇంకా తెరవని ఒక కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. టమాటాలు దించేవాళ్ళు, కుళ్ళిన ఆకుకూరల వాసన, వాటి కోసం కొట్టుకునే ఆవులు. కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కేవి. కొత్తిమీర అమ్మే ఆమె మూడో రోజు, "ఎవరి కోసం సూస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. బస్సు కోసం అన్నాను. బస్సులు బంద్ కదా అనలేదామె, పెద్దమనిషి. తొమ్మిది దాటాక, ఆయన టెంటుకు పోయి ఉంటాడని లెక్కేసుకుని ఇంటికొచ్చి తలుపేసుకుని డబ్బాలో అన్నం తినేదాన్ని. సాయంత్రం ఆయన వచ్చేసరికి దవాఖాన నుంచి వచ్చినదాని మొహం పెట్టుకునేదాన్ని. పదకొండు రోజులు ఆ దొంగవేషం వేశాను.

పదకొండో రోజు ఆదివారం. అంతకుముందు ఆదివారంలాగే, ఇవాళ సెలవని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. ఎదురింటి సార్ వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు, బ్యాంకులో ఆఫీసరు. కొట్లాట మొదలైన దగ్గర నుంచి మా ఆయనా ఆయనా మెట్ల మీద ఎదురైతే ఎండలు, వానల గురించి తప్ప మాట్లాడుకునేవారు కాదు. కానీ ఆ నెలలోనే ఆయన మా కారు లాంటి కారే కొన్నాడు, కారు ముందు ఏ ప్రాంతమైనా ఒకటే అయినట్టుంది. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను.

"ఏవండీ, ఒక చిన్న అనుమానం. మా ఆవిడ నడిపితే ఆ మైలేజీ అంకె ఏడు, ఎనిమిది దాటట్లేదండీ. నేను హైవే మీద నడిపితే ఇరవై చూపిస్తోంది. ఆవిడకి ఇవ్వడం మానేద్దామా అనుకుంటున్నాను" అన్నాడు.

"అరె, గా అంకె చూసి ఆగం గాకుండ్రి సార్" అన్నాడు మా ఆయన. ఆ గొంతు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా ఉందో నేను ఎన్నడూ వినలేదు. "గది అప్పటికప్పటి ముచ్చట. బండి కదిలేటప్పుడు ఎవ్వలు నడిపినా మూడు, నాలుగే చూపిస్తది. ట్రాఫిక్‌ల ఆగుకుంట పోతే ఏడే. కాలు తీస్తే తొంభై తొమ్మిది. గా రెండూ మైలేజీ కాదు. షోరూమోళ్ళు బండి ఇచ్చిననాడే చెప్పిన్రు నాకు. ట్యాంకు ఫుల్ చేయించి, కిలోమీటర్లు రాసుకోని, నెల నడిపి మళ్ళ ఫుల్ చేయిస్తే అప్పుడు తెలుస్తది అసలుది."

ల్యాబ్‌లో నేను రోగులకు చెప్పే మాట. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. నా చేతిలో చాయ్ జల్లెడ ఉంది, ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది.

"మరి మీ ఆవిడది ఏడేనని వినాయకుడి పందిట్లో మీరే అందరితో అంటుంటే విన్నాను కదండీ" అన్నాడు ఎదురింటి సార్.

మా ఆయన నవ్వాడు. గొంతు తగ్గించాననుకున్నాడు. "అట్ల అనకపోతే బండి మన చేతుల ఉంటదా సార్? ఆడోళ్ళకు ఒక్కసారి అలవాటైతే మనం మళ్ళ బస్సే. నిజం చెప్పాలంటే మంచిగ నడుపుతది. ఆమె నడిపిన నెలంత ట్యాంకు పెట్టి చూసిన. పదిహేను. నాది గూడ పదిహేనే."

గ్యాస్ కట్టేశాను. ప్రపంచానికంతా ఏడని చాటి, పదిహేనును జేబులో దాచుకుని తిరిగాడు. మెట్ల మీద ఎండావానా తప్ప మాట్లాడని మనిషికి అడిగిన మరుక్షణం నిజం చెప్పాడు. నాకు, పక్కన పడుకునే దానికి, ఏడాది పాటు ఏడు తినిపించాడు. నేను మొహం కడుక్కుని, ఒలికిన చాయ్ పోను మిగిలింది రెండు కప్పుల్లో పోసి, పళ్ళెంలో పెట్టి ముందు గదిలోకి పోయాను.

నన్ను చూడగానే దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయాడు. ఎదురింటి సార్ కప్పు అందుకుని దాంట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

"పదిహేనా?" అన్నాను.

"ఏదో నవ్వులాటకు అన్న" అన్నాడు. నేను కదలకపోయేసరికి లేచి, టీవీ పక్కన కొక్కెం మీది తాళం తీసి నా వైపు చాపాడు. మనిషి ముందు పెద్దరికం పోకూడదు కదా, గొంతులో చనువు కలుపుకున్నాడు. "ఇగో, సరే. రేపటిసంది నువ్వే తీస్కపో. దవాఖానకు టైముకు పో. సరేనా?"

"ఏ దవాఖానకు?"

"ఏ దవాఖాన ఏంది?"

"నన్ను తీసేసి పదకొండు రోజులైంది. నువ్వు పులిహోర పెట్టిన నాడే."

తాళం పట్టుకున్న చేయి అలాగే గాల్లో ఉంది. "మరి రోజు పొద్దుగాల ఎటు పోతున్నవ్?"

"రైతుబజార్ల కూసుంటున్న."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు. అడిగిన మనిషికి నిజంగానే తెలియదు, అది ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"నాది ఏడే అనుకున్న" అన్నాను.